ఆర్లిస్ నేపియర్ కొత్త పిస్తోలు

కొత్త పిస్తోలును ఆర్లిస్ నేపియర్ మా మామయ్య షాపుకి కాగితం సంచిలో పెట్టుకొచ్చాడు. మధ్యాహ్నం రొట్టె కట్టుకుపోయే గోధుమరంగు సంచి. నడుముకున్న ఒర ఖాళీగా ఉంది. షెరీఫ్ దగ్గర డిప్యూటీగా పోలీసు ఉద్యోగం చేసే మనిషి ఖాళీ ఒరతో బజార్లో నడవడం నేను అంతకు ముందు చూడలేదు.

"ఏరా డెల్మస్, కౌంటీ వాళ్ళు మాకు అంటగట్టిన సరుకు చూడు," అంటూ సంచిలోంచి ఎడమచేత్తో తీసి బల్ల మీద పెట్టాడు.

"ఖాళీయేనా?" అన్నాడు మామయ్య.

"ఖాళీ కాకపోతే సంచిలో తెస్తానా? నేనేమన్నా మీ బావనా?" అని నావైపు తిరిగాడు. "నీ ఎదురుగా అనకూడదు గానీ, లెటీ, మీ నాన్న కాలి బొటనవేలు ఎలా పోయిందో ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు."

నేను తల వంచుకుని నవ్వాను. మా అమ్మ పోయాక పదో తరగతి మధ్యలో ఆపేసి డెల్మస్ మామయ్య షాపులో చేరాను. తుపాకులు తుడిచి నూనె రాయడం నా పని. వచ్చినవాళ్ళతో మాట్లాడే పని మామయ్యది. నాకు అదే బాగుండేది.

ఆర్లిస్ బాబాయ్‌ని మా లోయలో ఎరగనివాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళు నిండకముందే బొగ్గు గనిలో దిగాడు. పైకప్పు కూలి కుడి భుజం విరిగాక పైకి వచ్చి డిప్యూటీ అయ్యాడు. ఇళ్ళు ఖాళీ చేయించే కాగితాలు, అరెస్టు కాగితాలు పట్టుకుని లోయలన్నీ తిరిగేవాడు. గుమ్మంలో టోపీ తీసి నిలబడి కాగితం చదివేవాడు. చదవడం అయ్యాక, ఆ ఇంటివాళ్ళకి సాయం వచ్చేవాళ్ళు లేకపోతే, వాళ్ళ మంచం తనే మోసి బండిలో వేసేవాడు. అందుకని అతని మీద కోపం ఉన్నవాళ్ళు కూడా అతన్ని తిట్టడానికి కొంచెం ఆలోచించేవారు. భార్య రీవా పిన్నికి ఊపిరితిత్తుల జబ్బు. ఇంట్లో మంచం పక్కన ఎప్పుడూ ఆక్సిజన్ సిలిండర్ ఉండేది. సిలిండర్లు, మందులు అన్నీ కౌంటీ ఉద్యోగానికి ఇచ్చే ఇన్సూరెన్స్ మీదే నడుస్తున్నాయి.

ఆ ఏడు మా కౌంటీ పోలీసు అధికారి షెరీఫ్ పాత రివాల్వర్లన్నీ వెనక్కి తీసుకుని అందరికీ ఈ కొత్త పిస్తోళ్ళు ఇచ్చాడు. అక్టోబరులో పాత బొగ్గుగుట్ట దగ్గర కాల్పుల పరీక్ష. దాంట్లో తప్పితే ఇంకొక్కసారి పెడతారు. అదీ తప్పితే బ్యాడ్జీ ఇచ్చేయాలి. మా చిన్న కౌంటీలో కుర్చీలో కూర్చోబెట్టి జీతమిచ్చే ఉద్యోగాలు లేవు.

"మొదటి తూటా లోపలికే పోదు," అన్నాడు ఆర్లిస్ బాబాయ్. "ఎట్లాగో పోయిందనుకో, మధ్యలో ఇంకోటి అడ్డం పడుతుంది. నిన్న అందరి ముందూ మొండి గుర్రం ఎక్కినవాడిలా నిలబడ్డాను."

మామయ్యకి ఒక పద్ధతి ఉంది. తెచ్చిన తుపాకీని ముందు తను ముట్టుకోడు. తెచ్చినవాణ్ణే షాపు వెనక మట్టిగట్టు దగ్గరికి తీసుకెళ్ళి, రోజూ ఎలా చేస్తాడో అలాగే చేయమంటాడు. తను పక్కన నిలబడి చూస్తాడు. నేను తూటాల పెట్టె పట్టుకుని వాళ్ళ వెనక వెళ్ళాను.

ఆర్లిస్ బాబాయ్ తూటాలు నింపిన మ్యాగజైన్ పిడిలోకి తోశాడు. పిస్తోలు పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగాన్ని, స్లైడ్ అంటారు, వెనక్కి లాగాడు. లాగి, దాని మీద అరచెయ్యి ఉంచి, నిద్రపోయే పిల్ల గది తలుపు వేస్తున్నట్టు మెల్లగా ముందుకి తెచ్చాడు. స్లైడ్ చివరిదాకా పోకుండా గోరు మందంలో ఆగిపోయింది. ట్రిగ్గర్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

"చూశావా?"

"చూశాను. జింకేదిరా?" అన్నాడు మామయ్య.

"ఏం జింక?"

"ఏ జింక వింటుందని అంత మెల్లగా మూస్తున్నావు?"

ఆర్లిస్ బాబాయ్ తన చేతివైపు చూసుకున్నాడు. తర్వాత పగలబడి నవ్వాడు. మా కొండల్లో పిల్లలకి అది నడక నేర్పినట్టు నేర్పుతారు. నవంబరు చలిలో చెట్టు మీద కట్టిన పలకపై తండ్రి పక్కన కూర్చుని, రైఫిల్ మూసేటప్పుడు టక్కుమన్న చప్పుడు రాకుండా మూయడం. చప్పుడైతే జింక పోతుంది, ఆ చలికాలం కూర పోతుంది, వీపు మీద ఒకటి పడుతుంది. ఆ అలవాటు చేతిలోంచి పోదు.

"రివాల్వర్‌కి నీ మర్యాదలు పనికొచ్చాయి," అన్నాడు మామయ్య. "దీని స్ప్రింగ్ తనే విసురుగా తూటాని గొట్టం మొదట్లో ఉండే గదిలోకి తొయ్యాలి. నువ్వు చెయ్యి పట్టుకుని అత్తారింట్లో దిగబెట్టక్కర్లేదు. పూర్తిగా లాగు. వదిలెయ్."

లాగి వదిలాడు. స్లైడ్ ఫట్‌మని మూసుకుంది. మళ్ళీ చేశాడు. ప్రతిసారీ మూసుకుంది. ఆ సాయంత్రం కోర్టు దగ్గర ఈ కథ తన మీద తనే చెప్పుకుని నవ్వించాడట. మిగతా డిప్యూటీల్లో సగం మందిది అదే తప్పని తేలింది. వాళ్ళు కూడా కనపడని జింకలకి భయపడి మెల్లగా మూస్తున్నారు. ఆ వారమంతా బజార్లో ఎవరు ఎదురుపడినా "జింకేదిరా" అనడమే.

వారం తిరక్కుండా ఆర్లిస్ బాబాయ్ మళ్ళీ వచ్చాడు. సంచి అదే. ఈసారి జోకులు లేవు.

మొదటి తూటా బాగానే పోతోంది. పేలుతోంది. తర్వాత పేలిన తూటా ఖాళీ గుల్ల బయటికి ఎగిరిపోకుండా స్లైడ్ సందులో పొగగొట్టంలా నిటారుగా ఇరుక్కుంటోంది. లేదా వెనక తూటా ముక్కు కిందికి పెట్టుకుని గది గుమ్మంలోనే ఆగిపోతోంది. వేరే రకం తూటాలు వేసి చూశారు. మామయ్య పిస్తోలు విప్పి, ఫ్యాక్టరీలో పూసిన జిడ్డంతా కడిగి కొత్త నూనె వేశాడు. తూటా ఎక్కే వాలు దగ్గర చిన్న టార్చి వేసి గీతలున్నాయేమో వెతికాడు. గుల్లని పట్టి లాగే కొక్కెం చూశాడు. ఏ మ్యాగజైన్ తప్పు చేస్తోందో తెలియడానికి నా గోళ్ళరంగు సీసా తెప్పించి అన్నిటి అడుగునా వేర్వేరు చుక్కలు పెట్టాడు. తప్పు అన్ని చుక్కల దగ్గరా వచ్చింది. కానీ ఆర్లిస్ బాబాయ్ చేతిలో మాత్రమే. మామయ్య తీసుకుని పేలిస్తే ఏ మ్యాగజైన్ అయినా కుట్టుమిషన్‌లా నడిచింది.

షాపులో పొయ్యి చుట్టూ కూర్చునే ముసలివాళ్ళు ఆర్లిస్ బాబాయ్ పక్షమే మాట్లాడారు. "పనికిమాలిన ఇనుము," అన్నాడు ఒకాయన. "తక్కువ ధరకి వచ్చిందని కొన్నారు," అన్నాడు ఇంకొకాయన. మా దగ్గర ఒక మగాడి చెయ్యి బాగాలేదని ఎదురుగా ఎవరూ అనరు. తుపాకీ బాగాలేదంటారు, తూటాలు తడిశాయంటారు, ఎండ కళ్ళలో పడిందంటారు. ఆ మాటలు విని ఆర్లిస్ బాబాయ్ తల ఊపాడు గాని వాళ్ళవైపు చూడలేదు.

మూడోసారి వచ్చినప్పుడు గట్టు దగ్గర నేను అతని కుడిపక్కన నిలబడ్డాను. మామయ్య కళ్ళు పిస్తోలు మీదే ఉన్నాయి. నాకు ఖాళీ గుల్లలు ఏరే పని, కాబట్టి నేను కిందనుంచి చూస్తున్నాను. పేలగానే పిస్తోలు పైకి లేచింది. దానితో పాటు మణికట్టు గడియ ఊడిన తలుపులా వెనక్కి వాలింది. చిటికెన వేలు, ఉంగరం వేలు పిడిని వదిలేసి గాల్లో ఉన్నాయి. అవి వదిలేశాయని అతనికి తెలిసినట్టు లేదు.

"మామయ్యా," అన్నాను. "తూటా కాదు. ఆయన చిన్నవేళ్ళు చూడు."

నా గొంతు నాకే వినపడనంత చిన్నగా వచ్చింది. మామయ్య నావైపు చూసి ఊరుకోమన్నట్టు తల తిప్పాడు. కానీ తర్వాతి తూటాకి వేళ్ళే చూశాడు. మళ్ళీ అడ్డం పడింది.

మామయ్య వెళ్ళి ఆర్లిస్ బాబాయ్ వెనక నిలబడి, తన పెద్ద చేత్తో అతని చేతినీ మణికట్టునీ కలిపి పట్టుకున్నాడు.

"ఇదేంట్రా, డాన్సు నేర్పిస్తావా?"

"నేర్పిస్తా. కాల్చు."

కాల్చాడు. మ్యాగజైన్ ఖాళీ అయ్యేవరకు ఎక్కడా ఆగలేదు. పొగ గట్టు మీదికి పోయింది. మామయ్య చెయ్యి వెంటనే తీయలేదు.

"భుజం," అన్నాడు ఆర్లిస్ బాబాయ్. "గనిలో విరిగిన భుజం ఇది."

"భుజం ఎక్కడో పైనుంది. ఇది చూడు," అని మామయ్య అతని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చోటు నొక్కాడు. అక్కడ కండ లేదు. చెంచాతో తవ్వినట్టు గుంట పడి ఉంది. "ఎన్నాళ్ళనుంచి?"

ఆర్లిస్ బాబాయ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఎండలు రాకముందునుంచి. గుండీలు పట్టుకోలేకపోతుంటే రీవాయే పెడుతోంది. తాళంచెవి ఎడమచేత్తో తిప్పుతున్నా."

"డాక్టరుకి చూపించావా?"

"డాక్టరు కాగితం రాస్తాడు. ఆ కాగితం షెరీఫ్ బల్ల మీదికి పోతుంది. తర్వాత రీవాకి ఊపిరి ఎవడు కొనిపెడతాడు, నువ్వా?"

ముగ్గురం లోపలికి వచ్చాం. కాఫీ పోసి ఇస్తే ఆర్లిస్ బాబాయ్ కప్పుని రెండు చేతులతో ఎత్తాడు.

"అసలు దీనికి ఏం కావాలి?" అన్నాడు పిస్తోలు చూపించి. "సరిగ్గా చెప్పు."

"పేలిన దెబ్బకి స్లైడ్ స్ప్రింగ్‌ని నొక్కుకుంటూ వెనక్కి పోవాలి. కింది భాగాన్ని పిడికిలి గట్టిగా ఆపి ఉంచితేనే అది పూర్తిగా పోతుంది. నీ చెయ్యి కూడా దానితో పాటే వెనక్కి పోతోంది. అందుకని అది సగం దారిలో తిరిగొచ్చేస్తోంది. గుల్ల బయటపడేలోపే మూతపడుతోంది."

"స్ప్రింగ్ మెత్తగా ఉంటే?"

మామయ్య అతని మొహం చూశాడు. ఆ ప్రశ్న వస్తుందని తెలిసినట్టే చూశాడు. "మెత్తగా ఉంటే బలం తక్కువున్న చేతిలోనూ వెనక్కి పోతుంది."

"నీ దగ్గరుందా?"

"షెరీఫ్ ఇచ్చిన ఆయుధాన్ని మార్చకూడదు. నీకు తెలుసు."

"ఉందా లేదా?"

ఉంది. మామయ్య సొరుగులోంచి తీసి మార్చాడు. గట్టు దగ్గర ఆర్లిస్ బాబాయ్ ఒక మ్యాగజైన్ పూర్తిగా పేల్చాడు. ఇంకొకటి పేల్చాడు. ఎక్కడా ఆగలేదు. అతని మొహం చిన్నపిల్లవాడి మొహంలా అయింది. అది చూడలేక నేను గుల్లలు ఏరడానికి వంగాను.

అప్పుడు మామయ్య ఒక పని చేశాడు. పిస్తోలు ఖాళీ చేసి, బొగ్గు లారీలు పోయే రోడ్డు అంచునుంచి చిటికెడు నల్లదుమ్ము తెచ్చి స్లైడ్ సందుల్లో చల్లాడు. మ్యాగజైన్ పెట్టి లాగి వదిలాడు. స్లైడ్ ముందుకి వచ్చి, పూర్తిగా మూసుకోకుండా నిలిచిపోయింది.

"పాత స్ప్రింగ్ అయితే ఈ దుమ్ముని తోసుకుని పోయేది. ఇది పోదు. ఇలా ఆగితే పేలదు. పరీక్ష రోజున తుడిచి తీసుకెళ్తావు, నెగ్గుతావు. నీ జీపులో ఒక వారం తిరిగాక నాకు తెలియదు. నువ్వొక్కడివే అయితే నీ ఇష్టం అనేవాణ్ణి. గుమ్మం ఎక్కేటప్పుడు నీ ముందు ఎవడుంటాడు?"

"రాండల్."

"మరి?"

రాండల్ స్పర్లాక్ అతనితో కలిసి తిరిగే డిప్యూటీ. ముప్ఫై దాటిన మనిషి, పిల్లలున్నవాడు. ఎవరి ఇంటికి వెళ్ళినా మెట్లు తనే ముందు ఎక్కుతానంటాడు. ఆర్లిస్ వెనకుంటే భయం లేదని బజార్లో చెప్పుకునేవాడు.

"పరీక్ష అవనీ," అన్నాడు ఆర్లిస్ బాబాయ్. "అయిన మర్నాడు తెచ్చి ఇస్తాను. పాతది పెట్టెయ్. తర్వాత షెరీఫ్‌కి ఎలా చెప్పాలో ఆలోచిస్తా. కొంచెం టైమ్ కావాలిరా, అంతే."

"మర్నాడు."

"మర్నాడే."

పరీక్ష నెగ్గాడు. మంచి మార్కులతో నెగ్గాడు. బొగ్గుగుట్ట దగ్గర అందరూ చేరి "జింకేదిరా" అని అరిచి అతన్ని వీపు మీద తట్టారట. మర్నాడు రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. బజార్లో మామయ్య కనపడితే చెయ్యెత్తి జీపు ఆపకుండా పోయేవాడు. మామయ్య ఫోన్ చేస్తే రీవా పిన్ని ఎత్తి, డ్యూటీలో ఉన్నాడు అనేది. దగ్గుతూ అనేది. మామయ్య ఫోన్ పెట్టేసి ఏ పనీ చేయకుండా తుపాకులు బిగించే వైస్ ముందు నిలబడేవాడు. షెరీఫ్‌కి చెబుదామని ఒకసారి టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళి, వీధి దాటకుండానే వెనక్కి వచ్చేశాడు.

ఆకులు రాలే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆర్లిస్ బాబాయ్ వచ్చాడు. ఈసారి పిస్తోలు ఒరలోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టాడు. స్లైడ్ పూర్తిగా మూసుకుని లేదు. గోరు మందం తెరిచి ఉంది. లోపల తూటా ఉంది.

"ముట్టుకోకు, లెటీ," అన్నాడు మామయ్య. తనే మ్యాగజైన్ తీసి, తూటా తీసి పక్కన పెట్టాడు. స్లైడ్ సందుల్లో నల్లదుమ్ము పేరుకుని ఉంది.

ఆ ఉదయం పులిన్స్ లోయ పైకి అరెస్టు కాగితం పట్టుకెళ్ళారు. అన్నదమ్ములు కొట్టుకున్న ఇల్లు. పారకర్రతో తమ్ముడి తల పగలగొట్టినవాడు లోపల తుపాకీతో ఉన్నాడని కబురు. జీపు దగ్గర ఆర్లిస్ బాబాయ్ పిస్తోలులో తూటా ఎక్కించుకున్నాడు. స్లైడ్ మూసుకుందో లేదో చూసుకోలేదు. రాండల్ మెట్లెక్కి తలుపు కొట్టాడు. ఇతను కింద మెట్టు దగ్గర, పిస్తోలు ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. తలుపు తెరుచుకుంది. లోపలివాడు చేతులు పైకెత్తి, ఏడుస్తూ బయటికి వచ్చాడు. బేడీలు వేశారు, తీసుకొచ్చారు. తుపాకీ లోపల వంటింటి బల్ల మీద దొరికింది, తూటాలతో.

"జైలు దగ్గర దించాక, ఖాళీ చేద్దామని ఒరలోంచి తీస్తే కనపడింది," అన్నాడు.

మామయ్య గుడ్డ తీసుకుని స్లైడ్ తుడవడం మొదలుపెట్టాడు. "ఎవరికీ ఏం కాలేదు. ఇప్పుడే పాత స్ప్రింగ్ పెట్టేస్తా. నువ్వు ఇంటికెళ్ళు. ఒంట్లో బాలేదని సెలవు పెట్టు. ఇంకేం చెప్పక్కర్లేదు."

"రాండల్ వెనక్కి తిరిగి నన్ను చూశాడురా, తలుపు కొట్టే ముందు. ఉన్నావు కదా అన్నట్టు. నేను తల ఊపాను."

"ఆర్లిస్."

"తల ఊపాను," అన్నాడు మళ్ళీ.

అక్కడినుంచి నేరుగా కోర్టు భవనంలో షెరీఫ్ ఆఫీసుకి నడిచివెళ్ళాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తిరిగి షాపుకి వచ్చేసరికి చొక్కా మీద బ్యాడ్జీ ఉన్నచోట రెండు చిల్లులు కనపడ్డాయి. ఇన్సూరెన్స్ ఆ నెలాఖరు వరకే ఉంటుందని షెరీఫ్ చెప్పాడట. స్ప్రింగ్ ఎవరు పెట్టారని అడిగితే తనే పెట్టుకున్నానని చెప్పాడట. అది విని మామయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"అమ్మాయ్, నీకు మా ట్రక్కు నడపడం వచ్చా?" అన్నాడు ఆర్లిస్ బాబాయ్ నాతో. "గేరు మార్చాలంటే ఈ చెయ్యి రావట్లేదు. రాండల్ ఇంటిదాకా పోవాలి."

"వాడికెందుకు చెప్పడం?" అన్నాడు మామయ్య. "షెరీఫ్ చెప్పడా?"

"షెరీఫ్ నా ఒంట్లో బాలేదని చెబుతానన్నాడు. తుపాకీలో లోపం ఉందని కూడా చెబుతానన్నాడు. మంచివాడు."

ట్రక్కు నేనే నడిపాను. రాండల్ ఇంటి ముందు పిల్లల సైకిలు అడ్డంగా పడి ఉంటే దిగి పక్కకి జరిపి, మళ్ళీ ఎక్కి ట్రక్కు ఆపాను. రాండల్ వరండాలో బూట్లు విప్పుకుంటున్నాడు. భార్య లోపల ఉల్లిపాయలు వేయిస్తున్న వాసన వస్తోంది.

"రా ఆర్లిస్, కూర్చో. భోంచేసి పోదువు గాని."

ఆర్లిస్ బాబాయ్ మెట్లు ఎక్కలేదు. టోపీ తీశాడు. నిలబడి, కాగితం చదివినట్టు, మొదటినుంచి చెప్పాడు. చెయ్యి సంగతి, స్ప్రింగ్ సంగతి, మర్నాడు ఇస్తానన్న మాట సంగతి, పొద్దున్న స్లైడ్ తెరిచి ఉన్న సంగతి. ఒక్కటీ తగ్గించలేదు.

రాండల్ చేతిలో ఒక బూటు అలాగే ఉంది. "నేను మెట్లెక్కేటప్పుడు కూడానా?"

"జీపు దిగినప్పటినుంచి."

"నీకు పేలదని తెలుసా?"

"పేలకపోవచ్చని ముందే తెలుసు. నాకు చెప్పారు."

"నాకు ముగ్గురు పిల్లలు, ఆర్లిస్."

"తెలుసు."

"రీవా కోసమని నువ్వు నన్ను అడిగి ఉంటే," అని రాండల్ ఆగిపోయాడు. బూటు వైపు చూశాడు. "నేను నీతో మూడేళ్ళనుంచి వెనక్కి చూసుకోకుండా ఎక్కుతున్నాను. ఇవాళే ఎందుకో చూశాను."

లోపలినుంచి భార్య, ఎవరు వచ్చారని అడిగింది. రాండల్ చేతిలో బూటు కింద పెట్టి లేచాడు. ఒక కాలికి బూటుతో, ఒక కాలికి లేకుండా లోపలికి పోయి జాలీ తలుపు మూశాడు. తర్వాత లోపలి తలుపు కూడా మూశాడు. మా దగ్గర చీకటి పడేవరకు లోపలి తలుపు ఎవరూ మూయరు.

ఆర్లిస్ బాబాయ్ టోపీ చేతిలో పట్టుకుని అక్కడే ఉన్నాడు. నేను ట్రక్కులోంచి దిగాలో వద్దో తెలియక స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. కొంతసేపటికి మెట్లెక్కి, వరండాలో మిగిలిపోయిన బూటుని వంగి ఎడమచేత్తో తీసి, మంచు పడితే తడవకుండా గోడవారకి జరిపిపెట్టాడు. వచ్చి ట్రక్కు ఎక్కాడు.

"రీవాకి ఇంకా చెప్పలేదు," అన్నాడు. "పద."